శ్రీలంక పక్షుల టూర్, 13 రాత్రుల ప్లాన్ పంపించారు, పోయొచ్చినోళ్లు కాస్త చూసి చెప్పండి

కావలి_బైనాక్యులర్:

అందరికీ నమస్కారం అండి. మాది కావలి. జనవరి ఆఖరుకి రిటైర్ అవుతున్నా. పక్షుల పిచ్చి నాకు లేటు వయసులో పట్టింది, ఆరేళ్ల కింద మా అల్లుడు నేలపట్టు తీసుకుపోయి ఆ కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు చూపించాడు, ఆ రోజు నుంచి చలికాలం వస్తే చాలు ఆదివారం ఇంట్లో ఉండను. సూళ్లూరుపేట శ్రీహరికోట రోడ్డు మీద ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్కలేదు. రెండేళ్ల కింద 8x42 బైనాక్యులర్ కూడా కొన్నా, మా ఆవిడకి దాని రేటు ఇప్పటికీ సగమే చెప్పా, ఇక్కడ ఎవరూ బయటపెట్టకండి.

ఇప్పుడు సంగతేంటంటే రిటైర్ అయినాక ఫిబ్రవరిలో ఒక పెద్ద ట్రిప్ వేద్దామని శ్రీలంక పక్షుల టూర్‌లు చూస్తున్నా. ఒక కంపెనీ వాళ్లు ఈ ప్లాన్ పంపించారు. కొలంబోలో దిగి కితుల్‌గలలో 1 రాత్రి, సింహరాజ అడవి 2, ఉడవలవే 1, తిస్సమహారామ 3 (అక్కడ్నుంచి యాల, బుందల పార్కులు), నువర ఎలియ 1, క్యాండీ 1, సిగిరియ 2, చివర్లో మన్నార్ 2, మొత్తం 13 రాత్రులు. గైడు, బండి, రూములు, భోజనం అన్నీ వాళ్లవే, గ్రూపులో ఎనిమిది మంది, మేమిద్దరం పోను మిగతా అందరూ ఫారినర్లేనంట.

నా డౌట్లు. మా ఆవిడకి పక్షులంటే ఇంట్రెస్ట్ లేదు, గుడి ఉంటే వస్తానంటది, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి, ఆమెకి ఈ టూర్‌లో పొద్దుపోతుందా? జలగలు బాగా ఉంటాయంటున్నారు నిజమేనా? తిండి ఎట్లా, ఆమె ప్యూర్ వెజ్. ఇంకోటి, మా బావమరిది అయితే కాకుల్ని చూడ్డానికి లంక దాకా ఎందుకు బావా మన మిద్దె మీద లేవా అంటున్నాడు, అతనికి ఏదైనా గట్టి సమాధానం ఉంటే అది కూడా చెప్పండి.

చేపలపులుసు_నెల్లూరు:

అన్నా నమస్తే, నేను నెల్లూరు. మొన్న జనవరికి రెండేళ్లయింది మేం పొయ్యొచ్చి, మా ఇంట్లో రివర్సు, పిచ్చి నాది, తోడు రావడం ఆయన పని. మీ ప్లాన్ చదవంగానే నవ్వొచ్చింది ఏమనుకోవద్దు, ఎందుకంటే అచ్చం ఇట్లాంటి ప్లానే నేనూ డబ్బు కట్టి తిరిగా, తిరిగొచ్చినాక తెలిసింది ఇది మనకోసం చేసిన ప్లాన్ కాదని. ఇది తెల్లోళ్ల కోసం చేసింది అన్నా. వాళ్ల ఊర్లో గూడబాతు లేదు, రంగురంగుల కొంగలు లేవు, నెమలి లేదు, లకుముకి పిట్ట ఉన్నా ఒక్క రకమే. వాళ్లకి తిస్స చెరువు చూస్తే స్వర్గం. మనకి? బుందలలో మా జీపు ఆపి మా గైడు పావుగంట పెయింటెడ్ స్టార్క్ గురించి చెప్తా ఉంటే ఎనకాల ఇంగ్లండు పెద్దావిడకి కళ్లలో నీళ్లు, నాకేమో ఆవులింతలు. ఓపెన్‌బిల్, గూడబాతు, తెల్ల కంకణం, పాముమెడ పిట్ట, అన్నీ నేలపట్టు సరుకే. టికెట్ కొనుక్కొని సముద్రం దాటిపోయి మళ్లీ సూళ్లూరుపేటలో దిగినట్టు అనిపించింది.

అందుకే చెప్తున్నా, శ్రీలంకలో మనం చూడాల్సింది తడి అడవి, చలి కొండ. ఆ దీవిలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా ఉండని పక్షులు, వాటినే ఎండెమిక్ అంటారు, 30కి పైన ఉన్నాయి, చాలా మటుకు నైరుతి వైపు వాన అడవుల్లో, మధ్యలో కొండల మీద ఉంటాయి. మీ ప్లాన్ చూడండి, సింహరాజకి 2, నువర ఎలియకి 1, కితుల్‌గలకి 1, అంటే అసలు సరుకుకి 4 రాత్రులు, మిగతా 9 మన ఇంటి సరుకుకి!

సింహరాజ గురించి చెప్పాలి. 1988లో యునెస్కో వాళ్లు వారసత్వ సంపద కింద పెట్టిన అడవి అది. గేటు దగ్గర వాళ్ల ట్రాకర్‌ని తీసుకుపోవాల్సిందే, మీ గైడు ఉన్నా సరే. లోపలికి పోయినాక మొదటి రెండు గంటలు ఏమీ లేదు, నిజంగా ఏమీ లేదు, చినుకులు, చెమట, ఆకుల చప్పుడు, మా ఆయన మొహం చూడలేకపొయ్యా. ఆ తర్వాత ఉన్నట్టుండి అడవంతా లేచినట్టయింది. అక్కడ పక్షులు రకరకాలవి కలిసి ఒక జట్టుగా తిరగతాయి, ముందు ఆరెంజ్ ముక్కు బాబ్లర్లు గోలగోల చేసుకుంటా వస్తాయి, వాటితో మన పసలపోలిగాడి చుట్టం ఒకటి ఉంటుంది, తల మీద కుచ్చు ఉన్నది, అది కాపలా. మన దగ్గర పసలపోలిగాడు గేదె వీపు మీద కూర్చొని లేచిన పురుగుల్ని పట్టుకుంటది కదా, అక్కడ గేదెల బదులు ఈ బాబ్లర్లు ఆకులు కదిలిస్తా ఉంటే ఇది పైనించి లేచిన పురుగుని కొట్టేస్తది, డ్యూటీ అదే, జాగా మారింది అంతే. వాటి ఎనకాల ఎర్రమొహం మాల్కోహా, నీలం మాగ్‌పై, ఒక్కొక్కటే. ఆ నీలం మాగ్‌పై గురించి ఫోటోల్లో చూసి ఎడిట్ చేసుంటారు అనుకున్నా, కాదన్నా, ఒళ్లు నిజంగానే అంత నీలం, తల రెక్కలు ఇటుక రంగు, ముక్కు కాళ్లు ఎర్రగా మిరపపండు మాదిరి. జట్టు మొత్తం పది నిమిషాల్లో మా మీదుగా దాటిపోయింది. రెండు రోజుల్లో మాకు జట్టు దొరికింది ఒకే ఒక్కసారి. అందుకే అంటున్నా, 3 రాత్రులు పెట్టుకోండి, వానకి ఒక పూట పోయినా బాధ ఉండదు.

ఇంకోటి సెరెండిబ్ స్కాప్స్ అని ఒక చిన్న గుడ్లగూబ. దీని కథ వింటే మీ బావమరిదికి కూడా జవాబు దొరుకుతుంది. దీపల్ వరకగొడ అని అక్కడి పక్షుల పెద్దాయన, కితుల్‌గల అడవిలో 1995లో రాత్రిపూట ఏదో కొత్త కూత విన్నాడంట, ఏ పిట్టదో తెలీలా. ఆరేళ్లు ఎనకపడి 2001 జనవరిలో సింహరాజలో కంటితో చూశాడు. 2004లో కొత్త జాతి అని పేరు పెట్టారు. 1868 తర్వాత శ్రీలంకలో దొరికిన మొదటి కొత్త పక్షి. అంతమంది తెల్లదొరలు తుపాకులు పట్టుకొని గాలించిన అడవిలోనే! కాకులన్నీ లెక్కపెట్టేశాం అనుకునే వాళ్లకి ఇది చెప్పండి.

మీ ఆవిడగారి సంగతి, మూడు పూటలు మా ఆయన రూమ్‌లోనే ఉండిపొయ్యాడు, పడుకున్నాడు, టీ తాగాడు, ఏం పోలా. కానీ గ్రూప్ టూర్‌లో ప్రతి రెండో రోజు పొద్దున్నే 5కి పెట్టె సర్దాలి, అది మాత్రం మోకాళ్ల నొప్పులున్న మనిషికి శిక్ష. ఒకే చోట ఎక్కువ రాత్రులు ఉండేట్టు చూసుకోండి.

జలగలు: ఉన్నాయి. బాగా.

ఒంగోలు_ఎద్దు:

మాస్టారు నాదొక మాట. లంక ఎందుకు అసలు, అండమాన్ పోండి. పాస్‌పోర్ట్ అక్కర్లా, చెన్నై నుంచి రెండున్నర గంటల్లోపే దిగుతారు, పైగా పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు పేరు శ్రీ విజయపురం చేశారులే 2024లో) ఎటు తిరిగినా తెలుగోళ్లే, సిక్కోలు వైపు నించి పోయి సెటిలైన వాళ్లు బోలెడు, ఆటో ఎక్కితే ఏ ఊరండీ అని అడుగుద్ది ఆ జనం. వదినగారికి పప్పన్నం దొరుకుద్ది. పక్షులంటావా, ఆడ కూడా ఇంకెక్కడా లేనివి రెండు డజన్ల పైన ఉన్నాయి. చిడియా టాపు అని ఊరికి పాతిక కిలోమీటర్లలో ఉంది, పేరే పిట్టల దీవి, సాయంత్రం పోయి చీకటి పడేదాకా ఉంటే గుడ్లగూబలు రెండు మూడు రకాలు పలుకుతయ్. మౌంట్ హారియట్ (దీని పేరూ 2021లో మౌంట్ మణిపూర్ అని మార్చారులే) కొండ మీద నల్లగా పెద్ద అండమాన్ వడ్రంగిపిట్ట చూశా, చెట్టు కొడతంటే ఎవరో గొడ్డలేసి నరికినట్టు సౌండు. సిప్పీఘాట్ అని ఊరి పక్కనే ముంపు పొలాలు, సునామీ తర్వాత ఉప్పునీళ్లు నిలబడిపోయిన చోటు, అండమాన్ టీల్ బాతులు రోడ్డు మీద నించే కనపడతయ్, మోకాళ్లకి పనే లేదు.

ఒక్కటి గుర్తుపెట్టుకో, ఆడ సూర్యుడు మనకంటే బాగా ముందు లేస్తాడు, ఐదింటికల్లా తెల్లారిపోద్ది, సాయంత్రం ఐదున్నరకే చీకటి. మన టైమ్‌కి లేస్తే పిట్టలు టిఫిన్ చేసి పడుకుంటయ్. బారాటాంగ్ దీవికి పోయే రోడ్డు జారవా ఆదివాసుల అడవిలోంచి పోద్ది, బళ్లన్నీ వరసగా కాన్వాయ్‌లో పోవాలి, ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు, బైనాక్యులర్ సంచీలో పెట్టుకో.

నార్కొండం హార్న్‌బిల్ అని ఒకటుంది, ఏడు చదరపు కిలోమీటర్ల దీవి ఒకటే దాని ప్రపంచం, దాన్ని చూద్దామని మాత్రం ఆశ పెట్టుకోమాక, ఆడికి మామూలు జనాన్ని పంపించరు.

పులికాట్_కుర్రోడు:

అన్నా మీరందరూ లంక, అండమాన్ అంటా ఉండారు, ఇక్కడ మన సరస్సులో ఉన్న దీవులు ఎంతమంది చూశారో చెప్పండి ముందు. ఇరకం దీవికి పడవలో పొయ్యారా ఎప్పుడన్నా? వేనాడు? మాది సూళ్లూరుపేట పక్కన, మా తాతల కాలం నించి అక్కడే, ఫ్లెమింగో ఫెస్టివల్‌కి జనం వేలల్లో వస్తారు, స్టేజీ మీద డాన్సులు చూసి జిలేబీ తిని పోతారు, పక్షి వంక చూసేవాడు ఒక్కడు ఉండడు. (మా జిల్లా కూడా మార్చేశారు, 2022 నించి తిరుపతిలో కలిపారు, అయినా మేం నెల్లూరోళ్లమే అనుకోండి.)

సరే ఆ సోది వదిలేయండి, అసలు విషయం, మన్నార్ తీసేయండి. అది రామేశ్వరానికి అవతల ఒడ్డు, చూపించేది ఫ్లెమింగోలు, ఏ ఫ్లెమింగోలు? మన అటకానితిప్ప దగ్గర నిలబడే పెద్ద ఫ్లెమింగోలే, అదే జాతి. సిగిరియ నించి ఆడికి మళ్లీ పైకి పోవాలి, మళ్లీ ఎయిర్‌పోర్ట్‌కి కిందకి రావాలి, రోడ్డు మీదే పోద్ది మీ టైమంతా. అక్క చెప్పింది కరెక్టే, ఇంటి సరుకు.

కావలి_బైనాక్యులర్:

అమ్మా చేపలపులుసు గారూ, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించా, "సూళ్లూరుపేటలో దిగినట్టు" దగ్గర పది నిమిషాలు నవ్వింది. నాకు అసలు ఈ కోణం తట్టనే లేదు, ఎక్కువ పార్కులు ఉంటే ఎక్కువ లాభం అనుకున్నా.

ఒంగోలు బాబూ, అండమాన్ మాట బాగానే ఉంది కానీ 2011లో ఎల్‌టీసీలో పోయొచ్చాం, అప్పుడు పిచ్చి లేదు, చిడియా టాపులో సూర్యాస్తమయం చూసి బజ్జీలు తిని వచ్చేశాం. ఇప్పుడు తల్చుకుంటే కడుపు మండుతోంది. అది తర్వాత ఏడాదికి పెట్టుకుంటా.

ఇప్పుడు కొత్త ప్రశ్న. గ్రూపు వద్దు, మేమిద్దరమే ఒక కారు, ఒక గైడు పెట్టుకుంటే మేలా? ఒక ఏజెంటు ఫోన్లో డ్రైవరే గైడు సార్, అన్నీ ఆయనే చూపిస్తాడు అంటున్నాడు. ఇంకా తిండి, గుడి గురించి ఎవరూ చెప్పలేదు.

చేపలపులుసు_నెల్లూరు:

డ్రైవరే గైడు అన్నాడా, ఆగండాగండి. మా చెల్లెలు వాళ్లు నా తర్వాత ఏడాది అట్లనే పొయ్యారు. డ్రైవరు మంచోడే, నవ్వుతా ఉంటాడు, రత్నాల షాపులు, మసాలా తోటలు అన్నీ తెలుసు, గాలిలో ఏది ఎగిరినా "ఈగల్ మేడమ్". కాకి కూడా ఈగలే. ఆడ టూరిజం వాళ్లు గైడ్లకి లైసెన్సులిస్తారు, డ్రైవర్ కమ్ గైడుకి వేరే, మామూలు గైడుకి వేరే, కానీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పిట్టలు తెలుసని కాదు. ఏజెంటుని ఒకటే అడగండి, ఆ గైడు పోయిన సీజన్‌లో ఒక ట్రిప్‌లో చూపించిన పక్షుల లిస్టు పంపించమనండి. నిజంగా పక్షులోడైతే గంటలో పంపిస్తాడు. లేనోడు హోటల్ ఫోటోలు పంపిస్తాడు.

స్పీకర్‌లో కూత వినిపించి పక్షిని రప్పించే గైడు అయితే మాత్రం కొంచెం ముందే చెప్పుకోండి వద్దని. మావాడు ఒక పిట్టకి పన్నెండు సార్లు వేశాడు, అది పాపం ఎవడో తన జాగాలోకి వచ్చాడని అటూ ఇటూ తిరిగి తిరిగి... నాకు ఇష్టం లేకపోయింది.

ఇద్దరే పోతే ఖర్చు గ్రూపు కన్నా ఎక్కువే, కానీ రోజులు తగ్గుతాయి కాబట్టి సరిపోతుంది. పార్కు టికెట్లు, సిగిరియ లాంటి చోట్ల సార్క్ దేశాల వాళ్లకి, అంటే మనకి కూడా, తక్కువ రేటు ఉంటుంది, పాస్‌పోర్ట్ చేతిలో పెట్టుకోండి, అడక్కపోతే ఫారినర్ రేటే కొట్టేస్తారు.

గుడి సంగతి, ఇది వినండి. నువర ఎలియ దగ్గర హక్‌గల బొటానికల్ గార్డెన్ ఉంది, దానికి కూతవేటులో సీతా ఎలియ, సీతమ్మ గుడి, వాగు ఒడ్డున. అశోకవనం అదే అంటారు. మీరు హక్‌గలలో పసుపు చెవుల పికిలిపిట్ట, నీలి ఫ్లైక్యాచర్ చూసుకుంటా ఉండండి, మీ ఆవిడగారు గుళ్లో హాయిగా కూర్చుంటారు, మధ్యాహ్నానికి కలుసుకోండి. మా ఆయన అక్కడే మొదటిసారి ట్రిప్‌లో నవ్వింది.

హోర్టన్ ప్లెయిన్స్, కొండల పైన ఉండే గడ్డి మైదానం, అక్కడికి మాత్రం ఒక్క పొద్దున ఎట్లయినా పోవాలి. చీకట్లో ఐదుకి ముందే బయల్దేరాలి, స్వెట్టర్ కాదు, జెర్కిన్, మంకీ క్యాపు, మన నెల్లూరు మనుషులకి ఆ చలి కొత్త. దారిలో ఒక చిన్న మడుగు ఉంది, శ్రీలంక విజిలింగ్ థ్రష్ తెల్లారే ముందు రెండు నిమిషాలు అక్కడికి వస్తది, నల్లగా, నీలం భుజం. మేం చూసింది దాని వీపు. చాలు అనుకున్నా.

ఇక నువర ఎలియ ఊళ్లో విక్టోరియా పార్కు. దాని ఎనక వైపు ఒక మురిక్కాలవ, చెత్త, దోమలు. సాయంత్రం చీకటి పడే ముందు ఆ కాలవ పక్కన తెల్లోళ్లు లక్షల రూపాయల లెన్సులు పట్టుకొని నిశ్శబ్దంగా నిలబడి ఉంటారు, దేనికి? ఇండియన్ పిట్టా కోసం. ఎండాకాలం మన దేశంలో గూడు పెట్టుకొని చలికాలం ఇటు దక్షిణానికి, లంకకి వస్తది, తొమ్మిది రంగులంటారు. అది ఆకులు ఎగరేసుకుంటా బయటికి వచ్చింది, అందరూ పిట్టా పిట్టా అని గుసగుసలు. నాకు అప్పుడు వెలిగింది అన్నా, ఆ పేరు మన తెలుగు మాటే! పిట్ట. 1816లో ఫ్రెంచాయన వియ్యో ఆ జాతికి శాస్త్రం పేరు పెట్టేటప్పుడు మన తెలుగు పేరే ఎత్తుకున్నాడు. పక్కన ఉన్న జర్మనీ ఆయనతో ఇది మా భాష అని చెప్తే నమ్మలా. మా ఆయన్ని సాక్షిగా పిలిచా.

ఒంగోలు_ఎద్దు:

ఓరినీ, పిట్ట అంటే పిట్టేనా! ఇన్నాళ్లూ లాటిన్ అనుకున్నా నేను.

తిండి నేను చెప్తా, మా తమ్ముడు కొలంబోలో రెండేళ్లు పనిచేశాడు. అన్నం, పప్పు, ఐదారు కూరలు పెడతారు, పనసకాయ కూర బాగుంటది, అన్నీ కొబ్బరిపాలతో. ఇడియాప్పం లాంటివి, దోసెకి అన్నలాంటి ఆప్పాలు పొద్దున. కానీ వెజ్ వాళ్లకి ఒక గుంట ఉంది, కొబ్బరి పచ్చడి మాదిరి పోల్ సంబోల్ అని ఇస్తారు, మన కొబ్బరి పచ్చడే అనుకొని వదినగారు కలిపేసుకుంటారు, అందులో ఎండు చేప పొడి వేస్తారు చాలాచోట్ల, ఉంబలకడ అంటారు. పప్పులో కూడా ఒక్కోసారి. చేప వద్దు అంటే చాలదు, ఉంబలకడ వద్దు అని పేరుపెట్టి చెప్పాలి. గోంగూర పచ్చడి సీసా ఒకటి పెట్టుకో మాస్టారు, ఏ దేశమైనా అదే కాపాడేది.

పులికాట్_కుర్రోడు:

జలగల గురించి ఎవరూ సరిగా చెప్పలా. నేను తలకోన అడవిలో వాటి కాట్లు తిన్నా కాబట్టి చెప్తున్నా, ఉప్పు, పొగాకు నీళ్లు, డెట్టాల్, అన్నీ చేశా, వానపడితే అన్నీ కారిపోతాయి.

చేపలపులుసు_నెల్లూరు:

అవును తమ్ముడూ. జలగ సాక్సులని గుడ్డవి ఉంటాయి, మోకాలి దాకా తొడిగి కట్టుకోవాలి, ప్యాంటు దానిలోకి దోపాలి. సింహరాజ గేటు దగ్గర అమ్ముతారు, కొందరు అద్దెకి కూడా ఇస్తారు, కానీ అద్దెవి వద్దు, తడి తడిగా ఉంటాయి. కరిస్తే నొప్పి ఉండదు, రక్తం మాత్రం కారతానే ఉంటది గంటసేపు, చూసి భయపడతారు. లాగకండి, గోరుతో పక్కకి జరిపితే ఊడిపోద్ది. మా ఆయనకి చెవి ఎనకాల పట్టింది, భోజనం దగ్గర తెలిసింది, ఆ కథ ఆయన పెళ్లిళ్లలో చెప్తా ఉంటాడు ఇప్పటికీ.

కావలి_బైనాక్యులర్:

సరే, రాత్రంతా కూర్చొని కొత్త ప్లాన్ వేశా, తప్పులుంటే తిట్టండి. కితుల్‌గల 2, సింహరాజ 3, ఉడవలవే 1 (ఏనుగుల కోసం, ఇది మా ఆవిడ డిమాండ్, జీపులోంచే చూడొచ్చంట కాబట్టి), నువర ఎలియ 3, క్యాండీ 1 బుద్ధుడి దంతమందిరం కోసం, చివరి రాత్రి ఎయిర్‌పోర్ట్ దగ్గర నెగొంబోలో 1. మొత్తం 11. యాల, బుందల, మన్నార్, సిగిరియ తీసేశా. సిగిరియ 1200 మెట్లంట, ఆ మాట వినగానే ఆమె కొట్టేసింది. ఏజెంటుకి పక్షుల లిస్టు పంపించమని మెసేజ్ పెట్టా. పొద్దున పెట్టా, ఇప్పుడు సాయంత్రం ఆరు, ఇప్పటిదాకా స్విమ్మింగ్ పూల్ ఫోటోలు నాలుగు వచ్చాయి.

చేపలపులుసు_నెల్లూరు:

ఇంకేంది, అర్థమైపోయింది కదా, వేరేవాడ్ని చూడండి. ప్లాన్ మాత్రం బాగుంది, కితుల్‌గలలో పడవ మీద నది దాటి అడవిలోకి పోవాలి, ఆమెకి ఆ పడవ దాకా తీసుకుపోండి, నచ్చుతుంది. సాక్సులు రెండు జతలు కొనండి, ఒకటి ఆరదు.